ఆదివారం సైకిల్‌కు 23 కిలోమీటర్ల ట్రాక్.. మరి సోమవారం సైకిల్ సంగతేంటి?

ఆదివారం పొద్దున 6 గంటలు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, నార్సింగి దగ్గర, సోలార్ ప్యానెళ్ల కప్పు కింద సైకిళ్లు వరుసకట్టి వెళ్తుంటాయి. తలకు హెల్మెట్లు, చేతికి గ్లోవ్స్, మణికట్టుకు స్మార్ట్ వాచ్‌లు. ఆగి సెల్ఫీ తీసుకునేవాళ్లు కొందరు, ఆగకుండా స్పీడ్ లెక్కేసుకునేవాళ్లు ఇంకొందరు.

సోమవారం పొద్దున, అదే 6 గంటలు. సిటీ లోపలి రోడ్లపై కనిపించేవి వేరే సైకిళ్లు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న వాచ్‌మన్. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకున్న సెంట్రింగ్ పనివాడు. క్యారియర్‌పై టీ ఫ్లాస్కులు కట్టుకున్న కుర్రాడు. వీళ్లకు హెల్మెట్ లేదు, లేన్ లేదు. ఎడమవైపు ఆగివున్న ఆటో, కుడివైపు నుంచి తోసుకొచ్చే బస్సు.. ఆ రెంటి మధ్య ఎంత సందు దొరికితే అంతే వాళ్ల రోడ్డు.

ఇద్దరూ తొక్కేది సైకిలే. ట్రాక్ మాత్రం ఒక్కరికే వచ్చింది. ఎందుకలా? సైకిల్ ట్రాక్ అనగానే మన నగరాలు ఎవర్ని ఊహించుకుంటున్నాయి? అసలు సైకిల్‌పై ఆఫీసుకో, స్టేషన్‌కో వెళ్లాలనుకునేవాళ్లకు అడ్డం పడుతున్నది ఏంటి?

ట్రాక్ బాగుంది.. చేరేదెలా?

ముందు ఔటర్ ట్రాక్‌కు ఇవ్వాల్సిన క్రెడిట్ ఇవ్వాలి. 2023 అక్టోబర్ 1న అప్పటి మంత్రి కేటీఆర్ దీన్ని ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీస్ అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు. మొత్తం 23. వెడల్పు 4.5 మీటర్లు, అంటే మూడు లేన్లు. పైకప్పు మీది ప్యానెళ్ల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో డేజియన్, సెజాంగ్ నగరాల మధ్య హైవే నడుమ వేసిన సోలార్ ట్రాక్‌ను చూసి తీసుకున్న ఐడియా ఇది.

మన ఎండలకు నీడ, దానిమీదే కరెంటు. ఒకే ఖర్చుతో రెండు పనులు. వర్షంలోనూ తొక్కొచ్చు. పక్క రోడ్డు నుంచి వాహనాలు లోపలికి రాకుండా వేరుగా కట్టారు కాబట్టి పిల్లల్ని కూడా ధైర్యంగా తీసుకెళ్లొచ్చు. ఇంత వెడల్పుగా, ఇంత నీట్‌గా కట్టిన సైకిల్ ట్రాక్‌లు దేశంలోనే తక్కువ.

కానీ ఒక చిన్న ప్రయాణం లెక్కేద్దాం. మెట్రో బ్లూ లైన్ చివరి స్టేషన్ రాయదుర్గం. అక్కడ దిగిన ఓ ఉద్యోగి నానక్‌రామ్‌గూడ వైపు ఆఫీసుకు వెళ్లాలి. దూరం అయిదారు కిలోమీటర్లు. మామూలుగా తొక్కినా పాతిక నిమిషాల్లోపే. సైకిల్‌కు సరిగ్గా సరిపోయే దూరం ఇది. నడవడానికి ఎక్కువ, క్యాబ్‌కు డబ్బు దండగ. అయితే మధ్యలో బయోడైవర్సిటీ జంక్షన్, గచ్చిబౌలి. ఫ్లైఓవర్ ర్యాంపులు, ఫ్రీ లెఫ్టులు, పీక్ అవర్‌లో కదలని కార్లు, ఆ కార్ల మధ్య దూరే బైక్‌లు. 4.5 మీటర్ల ట్రాక్ ఆ జంక్షన్లన్నీ దాటాకే మొదలవుతుంది.

అందుకే వీకెండ్‌లో చాలామంది కారు వెనక సైకిల్ కట్టుకుని ట్రాక్ దాకా వెళ్తున్నారు. తప్పేం కాదు. వ్యాయామానికి అది మంచి చోటు. కాకపోతే సైకిల్ తొక్కడానికి కారులో వెళ్లాల్సి వచ్చిందంటే, అది పార్కు కిందకొస్తుంది. రవాణా కిందకు రాదు.

లెక్కల్లో ఉన్నారు.. రోడ్డు మీదే లేరు

'ఇప్పుడు సైకిల్ తొక్కేదెవరండీ?' ఈ మాట మీటింగుల్లోనూ, టీ కొట్టు దగ్గరా ఒకేలా వినిపిస్తుంది. లెక్కలు మాత్రం వేరేలా ఉన్నాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం ఇళ్లలో సైకిల్ ఉంది. కారున్న ఇళ్లు వందకు దాదాపు 8. 2011 జనగణనలో, వ్యవసాయం కాకుండా ఇతర పనులకు వెళ్లేవాళ్లలో దాదాపు 13 శాతం మంది సైకిల్‌పైనే వెళ్తున్నట్టు తేలింది.

ఇందులో పేదవాళ్ల సంగతే కాదు, ఆడపిల్లల సంగతీ ఉంది. 2006లో బిహార్ ప్రభుత్వం 9వ తరగతిలో చేరిన అమ్మాయిలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బులిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని కొలిచారు. హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య దాదాపు 30 శాతం పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల అమ్మాయిలకు సైకిళ్లు పంచారు. సైకిల్ చేతికొచ్చింది కానీ, ఆ సైకిల్ వెళ్లే రోడ్డు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆ రోడ్డు ఎలా ఉందో కేంద్ర రవాణా శాఖ లెక్కే చెబుతోంది. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో సైకిల్‌పై వెళ్తున్నవాళ్లు నాలుగున్నర వేలకు పైనే. రోజుకు సగటున 12 మందికి తక్కువ కాదు. చాలా కేసుల్లో ఇది పేపర్లో రెండు లైన్ల వార్త. టీవీలో స్క్రోలింగ్ కూడా కాదు.

మరోవైపు సైకిల్ ధర తగ్గింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి దించారు. కొనడం తేలికైంది. కొన్నాక ఎక్కడ తొక్కాలి, ఎక్కడ పెట్టాలి? సమస్యంతా ఆ రెండు ప్రశ్నల దగ్గరే.

గీత గీస్తే లేన్ అయిపోదు

మన సిటీల్లో సైకిల్ లేన్ అంటే ఎక్కువగా కనిపించేది రోడ్డు అంచున ఓ రంగు పట్టీ, దాని మీద సైకిల్ బొమ్మ. రంగు ఆరేలోపు దానిమీద ఆటో ఆగుతుంది. తర్వాత కారు. ఆ తర్వాత కొబ్బరిబోండాల బండి. చివరికి లేన్ ఉన్నా సైకిల్ మళ్లీ రోడ్డు మధ్యలోకే రావాలి. అప్పుడు బస్సు డ్రైవర్ 'నీకు లేన్ ఇచ్చారు కదా' అని హారన్ కొడతాడు.

దీనికి ఇంజినీరింగ్ పుస్తకాల్లో జవాబు లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ ట్రాక్‌ల డిజైన్‌పై ప్రత్యేకంగా ఒక కోడ్ ఇచ్చింది. ఐఆర్‌సీ 11. 2015లో దాన్ని సవరించింది కూడా. అసలు విషయం ఏంటంటే, ట్రాక్‌ను రోడ్డు నుంచి ఓ గట్టుతో వేరు చేయాలి. సైకిల్ హ్యాండిల్ వెడల్పు రెండడుగులు ఉంటుంది. అటూ ఇటూ ఊగడానికి ఇంకొంచెం. అంటే ఒక్కరికి మీటరు కావాలి. వెనకొచ్చేవాళ్లు దాటెళ్లాలంటే ఇంకో మీటరు. అంతకంటే తగ్గితే కూరగాయల బుట్ట కట్టుకున్న సైకిల్ వెనక అందరూ ఆగాల్సిందే.

ప్రాణం పోయేది ఎక్కువగా జంక్షన్ దగ్గర. నేరుగా వెళ్తున్న సైకిల్‌ను, ఎడమకు తిరిగే లారీ చూడదు. డ్రైవర్ క్యాబిన్ ఎత్తులో ఉంటుంది, పక్కనున్న సైకిల్ అద్దంలో కనబడదు. ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట లారీ అసలు ఆగదు కూడా. అందుకే మంచి డిజైన్‌లో మలుపు మూలను బిగువుగా కడతారు, వాహనం నెమ్మదించక తప్పదు. సైకిళ్లు ఆగే గీత వాహనాల గీత కంటే ముందుకు ఉంటుంది, గ్రీన్ పడగానే డ్రైవర్ కళ్లముందే ఉంటారు. బస్టాప్ వస్తే ట్రాక్‌ను దాని వెనక నుంచి తిప్పుతారు. లేదంటే బస్సు ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు అందరూ సైకిల్‌కు అడ్డమే.

ఇంకా చిన్న విషయాలున్నాయి. డ్రైనేజీ జాలీ కడ్డీలు రోడ్డు వెంబడి నిలువుగా ఉంటే సన్నటి టైరు అందులో ఇరుక్కుంటుంది, మనిషి ముందుకు ఎగిరి పడతాడు. వాటిని అడ్డంగా వేస్తే చాలు. ప్రతి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరా ట్రాక్ కిందికి దిగి మళ్లీ పైకెక్కుతుంటే తొక్కేవాడి నడుం విరుగుతుంది. ట్రాక్ సమానంగా ఉండి, కారే ఎక్కి దిగాలి. ఇవన్నీ కోట్లతో పని కాదు. టెండర్ డ్రాయింగ్‌లో ఉండాలి, బిల్లు పాస్ చేసే ముందు ఎవరో ఒకరు సైకిల్‌పై వెళ్లి చూడాలి.

టోకెన్ ఇచ్చిన సైకిల్ స్టాండ్ ఏమైంది?

ట్రాక్ గురించైనా అప్పుడప్పుడు చర్చ జరుగుతోంది. పార్కింగ్ గురించి అది కూడా లేదు. నిజానికి సైకిల్‌ను ఇంట్లోనే వదిలేసేలా చేసేవాటిలో ఈ భయం ఒకటి. 'పొద్దున 9కి స్టేషన్ దగ్గర పెట్టి సాయంత్రం 7కి వస్తే ఉంటుందా?' ఆరేడు వేల సైకిల్ పోతే స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చే ఓపిక ఎవరికుంటుంది? పోయిందని ఇంకోటి కొనేవాళ్లు ఎంతమంది? కూలీకి అది పది పదిహేను రోజుల సంపాదన. అమ్మాయికి అది కాలేజీ.

సేఫ్ సైకిల్ పార్కింగ్ అనగానే విదేశీ ముచ్చట అనుకుంటారు. మన ఊళ్లకు అది పాత విషయమే. సినిమా హాల్ పక్కన సైకిల్ స్టాండ్ ఉండేది గుర్తుందా? మీకు కాకపోయినా మీ నాన్నకో, మావయ్యకో కచ్చితంగా గుర్తుంటుంది. స్టాండ్ అబ్బాయి నంబర్ చీటీని రెండు ముక్కలు చేసి, ఒకటి హ్యాండిల్‌కు కట్టి రెండోది చేతిలో పెట్టేవాడు. చీటీ చూపిస్తేనే సైకిల్ బయటికొచ్చేది. రైల్వే స్టేషన్ల దగ్గర రేకుల షెడ్డు కింద నెలవారీ పాసులు కూడా ఉండేవి. పొరుగూరు ఉద్యోగానికి పాసింజర్ రైల్లో వెళ్లేవాళ్లంతా అక్కడ సైకిల్ పెట్టి వెళ్లేవాళ్లు.

కప్పు, కాపలా, చీటీ. కావాల్సిన మూడూ అందులో ఉన్నాయి. సైకిళ్లు తగ్గి స్కూటర్లు పెరిగేసరికి అదే షెడ్డు బైక్ స్టాండ్ అయింది. తర్వాత కార్ పార్కింగ్ అయింది. మల్టీప్లెక్స్ వచ్చాక సైకిల్‌పై వచ్చినవాణ్ణి గేటు దగ్గరే సెక్యూరిటీ ఆపి 'ఎక్కడ పెడతావ్?' అని అడిగే రోజులొచ్చాయి.

ఇప్పుడు మెట్రో స్టేషన్లనే తీసుకోండి. 2017 నవంబర్‌లో హైదరాబాద్ మెట్రో మొదలైనప్పుడు స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు పెట్టారు. యాప్ తెరిచి సైకిల్ తీసుకుని, ఇంకో స్టేషన్ దగ్గర వదిలేయొచ్చు. ఐడియా మంచిదే. కొన్నేళ్లకే ఆ సందడి తగ్గిపోయింది. స్టేషన్ మెట్లు దిగగానే సైకిల్ ఉంది సరే, దాన్ని తొక్కడానికి దారి లేదు, ఆఫీసు దగ్గర పెట్టడానికి స్టాండ్ లేదు. ఇక సొంత సైకిల్ తెచ్చుకునేవాళ్ల సంగతి సరేసరి. బైక్‌లకు పార్కింగ్ కనిపిస్తుంది. తాళం వేసుకునే కడ్డీ, పైన కప్పు, పక్కన మనిషి.. ఈ మూడూ సైకిల్‌కు ఒకేచోట దొరకడం కష్టం.

ఏం కట్టాలన్నదానికీ లెక్క ఉంది. చాలాచోట్ల ముందు చక్రాన్ని మాత్రమే దూర్చే ఇనుప ర్యాక్‌లు పెడతారు. చక్రానికే తాళం వేస్తే, దొంగ చక్రం వదిలేసి మిగతా సైకిల్ పట్టుకెళ్తాడు. పక్క సైకిల్ తగిలిందంటే చక్రం వంకరపోతుంది. తలకిందులు చేసిన 'యు' ఆకారపు పైపు చాలు. ఫ్రేమ్‌ను, చక్రాన్ని కలిపి దానికి కట్టేయొచ్చు. ఒక్కో పైపుకు అటూ ఇటూ రెండు సైకిళ్లు. ఒక్క కారు పెట్టే జాగాలో పది సైకిళ్లు పడతాయి.

షాపు ముందు పది నిమిషాలు ఆగేవాళ్లకు ఈ పైపులు గుమ్మం దగ్గరే ఉండాలి, వంద అడుగులు నడవమంటే ఎవరూ నడవరు, పక్కనున్న కరెంటు స్తంభానికి కట్టేస్తారు. స్టేషన్ దగ్గర రోజంతా వదిలేవాళ్లకు మాత్రం కంచె, లైట్లు, కెమెరా, చీటీ ఇచ్చే మనిషి కావాలి. ఆ మనిషే పంక్చర్ కూడా వేస్తే, షెడ్డు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. మహిళలకైతే రాత్రి 9 గంటలకు సైకిల్ తీసుకోవడానికి వచ్చినప్పుడు లైటు వెలుగుతుండటం కెమెరా కంటే ముఖ్యం.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ రైల్వే స్టేషన్ కింద మూడంతస్తుల సైకిల్ పార్కింగ్ ఉంది. 2019లో పూర్తయింది. 12,500 సైకిళ్లు పడతాయి. దిగకుండానే లోపలికి తొక్కుకుంటూ వెళ్లొచ్చు, ఏ వరుసలో ఖాళీ ఉందో బోర్డు చూపిస్తుంది, మొదటి 24 గంటలు ఫ్రీ. వినడానికి సినిమాలా ఉంటుంది. కానీ కాస్త లోపలికి చూస్తే అది మన సైకిల్ స్టాండే. కప్పు, కాపలా, లెక్క.

ఆ దేశం పుట్టుకతోనే సైకిల్ దేశం కూడా కాదు. 1960ల్లో అక్కడా కార్లు పెరిగాయి, రోడ్లు వెడల్పు చేశారు, సైకిళ్లు తగ్గిపోయాయి. 1971లో ఒక్క ఏడాదిలో రోడ్లపై దాదాపు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. 'పిల్లల హత్యలు ఆపండి' అంటూ తల్లిదండ్రులు రోడ్డెక్కాకే ప్రభుత్వం దారి మార్చుకుంది.

ఎండ అడ్డమా?

'యూరప్‌లో చల్లగా ఉంటుంది, ఇక్కడ మే నెలలో తొక్కి చూడు' అని అంటారు. న్యాయమైన మాటే. అయితే స్పెయిన్‌లోని సెవిల్ నగరాన్ని చూడాలి. యూరప్‌లో అత్యంత వేడి నగరాల్లో అదొకటి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. 2006 దాకా అక్కడా సైకిల్ తొక్కేవాళ్లు పెద్దగా లేరు. రోజుకు ఆరు వేల ట్రిప్పులు. తర్వాత గట్టు కట్టి వేరు చేసిన ట్రాక్‌లు దాదాపు 80 కిలోమీటర్లు, ఒకదానికొకటి కలిసేలా, ఒకేసారి వేశారు. వేల కార్ల పార్కింగ్ చోట్లు తీసేశారు. గొడవలయ్యాయి. కొన్నేళ్లలోనే ట్రిప్పులు 70 వేలకు చేరాయి.

అక్కడ పనిచేసింది రెండు కిలోమీటర్లు ఈ ఏడాది, మూడు కిలోమీటర్లు మరో వార్డులో వచ్చే ఏడాది అన్న పద్ధతి కాదు. ట్రాక్ ఒక్కచోట తెగినా, అక్కడ భయపడి మొత్తం ప్రయాణమే మానుకుంటారు. రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ లెక్క కూడా అదే.

ఇక మన దగ్గర నీడ గురించి ఎవరూ ఆలోచించలేదా అంటే, కాగితం మీద ఆలోచించారు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలోనే సైకిల్ దారుల వెంట నీడనిచ్చే చెట్లు, తాగునీరు, కాసేపు ఆగే చోట్లు ఉండాలని రాశారు. తర్వాత 2020లో కేంద్రం 'సైకిల్స్ ఫర్ చేంజ్' చాలెంజ్ పెడితే 107 నగరాలు చేరాయి. 2021లో ప్రకటించిన టాప్ 11లో వరంగల్ ఉంది. ప్రయోగాలు చేసి చూపించినందుకు తలా కోటి రూపాయలు. అయితే ప్రయోగం ఒక రోడ్డు మీద జరుగుతుంది. ఉద్యోగానికి వెళ్లేవాడికి ఇంటి నుంచి గేటు దాకా అన్ని రోడ్లూ కావాలి.

బల్ల ఒకటే అయితే..

హైదరాబాద్‌లో ఇప్పటిదాకా ఉన్న చిక్కు ఇదీ. ఔటర్ ట్రాక్ హెచ్‌ఎండీఏది. లోపలి రోడ్డు కార్పొరేషన్‌ది. జంక్షన్ ట్రాఫిక్ పోలీసులది. స్టేషన్ మెట్లు, పార్కింగ్ మెట్రోది. సెల్లార్ బిల్డర్‌ది. అక్కడ ప్లాన్‌లో కార్లకు గళ్లు గీస్తారు, సైకిళ్లు జనరేటర్ వెనక మూలన పడేస్తారు. ఎవరి హద్దుల్లో వాళ్లు పనిచేసినా, ఆ హద్దుల మధ్య సైకిల్ దారి తెగిపోతుంది.

ఇందులో ఒక ముడి మాత్రం విడిపోయే అవకాశం వచ్చింది. మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టీ నుంచి తీసుకునేందుకు 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 69 కిలోమీటర్ల లైన్, దాని స్టేషన్లు, వాటి కింది జాగా ప్రభుత్వం చేతికొస్తే, రోడ్డు మీద నిర్ణయం తీసుకునేవాళ్లు, స్టేషన్ మీద నిర్ణయం తీసుకునేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చోవచ్చు. ఏ కంపెనీకి ఎంత పార్కింగ్ ఆదాయం పోతుందన్న వాదన అక్కడ ఉండదు. అన్ని స్టేషన్లూ అక్కర్లేదు. మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్, రాయదుర్గం.. ఈ నాలుగు చివరి స్టేషన్లలో తలా ఒక షెడ్డు, అక్కడి నుంచి చుట్టూ మూడు కిలోమీటర్ల దాకా తెగని ట్రాక్‌తో మొదలుపెట్టినా, తొక్కేవాళ్లు ఉన్నారో లేరో ఏడాదిలో తేలిపోతుంది.

రెండో దశలో 76.4 కిలోమీటర్లు, ఐదు కారిడార్లతో 24,269 కోట్ల రూపాయల ప్రతిపాదనను రాష్ట్రం 2024 నవంబర్‌లోనే కేంద్రానికి పంపింది. కొత్త స్టేషన్ల చుట్టూ ఏది ఎక్కడ రావాలన్నది డ్రాయింగ్ దశలోనే తేలుతుంది. లిఫ్ట్ ఎక్కడ, టికెట్ కౌంటర్ ఎక్కడ, షాపులకు ఎంత జాగా అన్నది ఎలాగూ గీస్తారు. ఆ కాగితం మీద సైకిల్ స్టాండ్‌కు ఎన్ని గజాలు ఇస్తారన్నది అడగాల్సిన సమయం ఇదే.